ఎడమ భుజం మీదుగా

తయ్యిబ్ గారి పేరెత్తితే నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు ఆ తర్వాత. ఏళ్ళ తరబడి ఒకే వెలుగుకి ఇటు కొసన నేను, అటు కొసన ఆయన నిలబడి పనిచేశాం. సఫాక్స్ పట్నంలో మా ప్రయోగశాల డాబా మీద నేను, సముద్రానికి అవతల కెర్కెన్నా దీవిలో రేవు పక్కనున్న పాత గిడ్డంగి కప్పు మీద ఆయన. ఆయన ఆ దీవిలోనే పుట్టిన మనిషి. చిన్నప్పుడు సముద్రంలో చేపల కంచె కడుతుంటే ఈతమట్ట ముల్లు గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. "గురి చూడ్డానికి అందరూ ఒక కన్ను మూసుకోవాలి, నాకా పని లేదు" అని తన మీద తనే జోకులు వేసుకునేవారు.

మా పనేమిటో చెప్పడం కష్టం కాదు, వినేవాళ్ళకి ఓపిక ఉంటే. మేము వెలుగుని మెలితిప్పి పంపుతాం. మెలితిప్పిన వెలుగు అట్ట మీద పడితే మా రేవులో పంచదార అద్ది అమ్మే బంబలూనీ గారెలా కనబడుతుంది. చుట్టూ వెలుగు, నడిమధ్య చీకటి బెజ్జం. ఒక మెలికకి ఒక అక్షరం, మూడు మెలికలకి ఇంకో అక్షరం. అలా తీగ లేకుండా సముద్రం మీదుగా కబురు పంపొచ్చు. చిక్కంతా గాలితోనే. ఎండకి కాగిన గాలి, నీటి మీది చల్లగాలి కలబడి సుడులు తిరుగుతాయి. వాటిని దాటుకుని అవతలికి చేరేసరికి మా చక్కటి వలయం సాగిపోయి, చిరిగిపోయి, గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది.

"వెలుగు సంగతి వదిలెయ్. చీకటి చుక్కల్ని లెక్కపెట్టు" అనేవారు తయ్యిబ్ గారు. మూడు మెలికల వలయం పంపితే నడిమి చీకటి దారిలో మూడు చుక్కలుగా విడిపోతుంది. అవి ఊగుతాయి, దూరదూరంగా జరుగుతాయి, ఒక్కోసారి అట్ట అంచుదాకా పోతాయి. అంతేగానీ మాసిపోవు. గాలి మరీ వెర్రెత్తితే దొంగ చుక్కలు జంటలుగా పుట్టుకొస్తాయి, జంటలుగానే చస్తాయి. వాటిని పక్కన పెడితే మన మూడూ మిగిలి ఉంటాయి.

పొద్దు వాలే ముందు కాసేపు గాలి నెమ్మదిస్తుంది. మేము దాన్ని ఊపిరి బిగించే వేళ అనేవాళ్ళం. రోజూ ఆ వేళకి నేను వెలుగు పంపి ఫోన్ చేసేదాన్ని.

"ఎన్ని?"

"మూడు."

"లెక్కపెట్టారా, లేక టీ తాగుతూ నోటికొచ్చింది చెప్తున్నారా?"

"టీ తాగుతూనే లెక్కపెట్టా. ఏం, నీకేమన్నా నొప్పా మన్నూబియా?"

ఆయనకి ఒక్కతే కూతురు, ఇష్రాఖ్. తల్లి పోయాక ఆయనే జడలు వేసి పెంచారు. ఆ జడలు చూస్తే నవ్వాగేది కాదు, అది వేరే సంగతి. ఆ పిల్ల సఫాక్స్‌లో మందుల కొట్టు నడిపే నదీర్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంది. తయ్యిబ్ గారు భగ్గుమన్నారు.

"సఫాక్స్ వాడా? నవ్వితే పళ్ళు అరిగిపోతాయని దాచుకునే జాతి!"

"నేనూ సఫాక్స్ దాన్నేనండీ" అన్నాను.

"నువ్వు లెక్కలోకి రావులే. నువ్వు మా దీవి ఆక్టోపస్ తిని తిని సగం మా మనిషివయ్యావు."

జోకులకేం గానీ, అసలు బాధ సఫాక్స్ కాదు. ఆ పిల్ల పడవెక్కి వెళ్ళిపోతుందని. ఆ ముక్క నోటితో చెప్తే ఏం పోయేది? చెప్పలేదు. ఒక సాయంత్రం వాకిట్లో నిలబడి ఇరుగుపొరుగు అందరూ వినేలా అరిచారు: "వాడింటికి పోతే పో! మళ్ళీ జన్మలో నీ మొహం చూడను!" ఇష్రాఖ్ తండ్రికి తగ్గ కూతురే. "చూడకు!" అని తలుపు ధడేలున వేసుకుంది.

ఆ కోపం చల్లారకముందే ఆయన సఫాక్స్ వచ్చారు. మా బల్ల మీద వలయాన్ని సరిచూసుకోవడానికి అప్పుడప్పుడూ వచ్చేవారు. మా బల్ల మీద ఒక ఇనప పలక ఉంటుంది. దాన్ని వేడిచేసి, దాని మీది సెగలోంచి వెలుగుని పంపి, గాలి వలయాన్ని ఎలా చెరుపుతుందో చూస్తాం. సముద్రాన్ని బల్ల మీదకి తెచ్చుకోవడమన్నమాట. మాలో ఇంకో పాడు అలవాటు కూడా ఉండేది. వలయం నడుమనున్న చీకటికి కన్ను ఆనించి, కిటికీలోంచి చూసినట్టు అవతల దీవి వైపు గురి సరిగా ఉందో లేదో చూసేవాళ్ళం. చేయకూడదని గోడ మీద రాసి ఉంది. అందరూ చేసేవాళ్ళు. కాకపోతే వెలుగుని బాగా తగ్గించి చేసేవాళ్ళు.

ఆ రోజు వెలుగు నిండు జోరు మీద ఉంది. తయ్యిబ్ గారు నల్లకళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని వంగారు.

"ముందు తగ్గించండి!" అన్నాను.

"వెలుగు ఎంతుంటే ఏంటే, చీకటి చీకటే కదా" అన్నారు.

మాట నిజమే. ఇనప పలక మీట కూడా కట్టేసే ఉంది. కానీ పలక ఇంకా చల్లారలేదు. సెగ ఒక్కసారి కదిలింది, నడిమి చీకటి పక్కకి జరిగింది, వలయం అంచు వచ్చి ఆయన కంట్లో పడింది. గాలిలో చీకటి చుక్క నిలకడగా ఉండదని లోకానికి చెప్పిన మనిషి, అది తన కన్ను ముందు మాత్రం కదలకుండా నిలబడుతుందనుకున్నాడు. ఇలాంటి పొరపాటు మావాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు.

అరవలేదు. నేల మీద కూలబడి, కన్ను నులుముకుని, నా వైపు చూశారు.

"మన్నూబియా, నీ మొహం ఏదీ?"

"ఇక్కడే ఉందిగా!"

"తలగుడ్డ కనబడతంది. చెవి పోగులు కనబడతన్నాయి. మధ్యలో నువ్వు లేవు."

ట్యూనిస్ తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాను. కంటి వెనక పొరలో నడిమధ్య మాడిపోయిందనీ, అది మళ్ళీ మొలవదనీ చెప్పాడు. చుట్టుపక్కలవి కనబడతాయి. దేన్నైతే సూటిగా చూస్తారో అది మాత్రం కనబడదు. ఉన్న ఒక్క కంటికీ అలా అయింది. తిరుగు దారిలో కారులో ఆయన అన్నారు:

"ఇష్రాఖ్‌కి చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"మొహం చూడనన్నాను. నాలుగు రోజులు తిరక్కుండా ఇలా అయింది. తన పెళ్ళి వల్లే నాన్నకి ఇలా అయిందనుకుంటుంది. పెళ్ళి ఆపేసి, నా చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్తూ బతుకు గడిపేస్తది. దాని మొండితనం నీకు తెలీదు."

"ఎందుకు తెలీదు, అదే మొండితనం రోజూ మీ నోట ఫోన్‌లో వింటున్నానుగా" అన్నాను. ఆయన నవ్వలేదు.

"చేపరోజు దాకా ఆగు. ఆ రోజు నేనే చెప్తా. ఒట్టెయ్."

మా సఫాక్స్‌లో పెళ్ళయ్యాక కొత్త జంట ఒక పెద్ద చేప మీదుగా అటూ ఇటూ దాటాలి. దాన్నే చేపరోజు అంటాం. ఆలోపు అన్నీ సర్దుకుంటాయి, కూతురు తన ఇంట్లో కుదురుకుంటుంది, అప్పుడు చెప్పినా వెనక్కి రాదు అని ఆయన లెక్క. ఒట్టేశాను. వేసినందుకు నా మీద నాకు కోపం లేదు, వేయించుకున్నందుకు ఆయన మీద ఉంది.

తర్వాత ఆయన చూపు నేర్చుకున్నారు. సూటిగా చూస్తే మనిషి మాయమవుతాడు గనక, మనిషి ఎడమ భుజం మీదుగా ఎక్కడో దూరంగా చూసేవారు. అప్పుడు ఆ మనిషి మొహం పక్కచూపులోకి వచ్చేది. గిడ్డంగి కప్పు మీద పని కూడా మానలేదు. అట్టకి పక్కగా సముద్రం వైపు చూస్తూ చుక్కలు లెక్కపెట్టేవారు. నేను ఇటువైపు నుంచి సరిచూసుకునేదాన్ని. ఒక్కసారి కూడా తప్పలేదు.

పెళ్ళి ఒప్పుకున్నారు. ఎందుకు మెత్తబడ్డారో ఇష్రాఖ్‌కి అర్థం కాలేదు. కానీ తండ్రి తనతో మాట్లాడేటప్పుడల్లా తన పక్కనున్న గోడనో, గోడ మీద మేకునో చూస్తున్నాడని మాత్రం గమనించింది. ఒకసారి నన్ను పట్టుకుని అడిగింది.

"పిన్నీ, మా బాబా నాతో మాట్లాడుతున్నాడా, గోడతో మాట్లాడుతున్నాడా?"

"ఆయన పద్ధతి నీకు తెలీదా" అని ఏదో నసిగాను. నాలుక మీద ఒట్టు కూర్చుంటే మనిషి ఎంత చవటగా మాట్లాడుతుందో ఆ రోజు తెలిసింది.

పెళ్ళి దీవిలోనే జరిగింది. మా వైపు పెళ్ళికూతురు నిండా నగలు పెట్టుకుని, అరచేతులు పైకెత్తి, నెమ్మదిగా తన చుట్టూ తాను తిరుగుతూ అందరికీ మొహం చూపిస్తుంది. డప్పులు మోగాయి, ఆడవాళ్ళు కేకలు వేశారు. ఇష్రాఖ్ తల్లి నగలన్నీ పెట్టుకుంది. తిరుగుతూ తిరుగుతూ తండ్రి ముందుకొచ్చి ఆగింది. కళ్ళు ఎత్తి ఆయన కళ్ళలోకి చూసింది.

ఆయన ఆ పిల్ల ఎడమ భుజం మీదుగా, పందిరి గుంజకి వేలాడుతున్న దీపాన్ని చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపో అలాగే, రెప్ప వేయకుండా చూశారు. ఆయన మొహం వెలిగిపోతోంది. నాకు తెలుసు ఆయన ఏం చూస్తున్నారో. మిగతా ఊరంతటికీ కనబడింది వేరే. పెళ్ళికూతుర్ని వదిలేసి దీపాన్ని చూస్తున్న తండ్రి.

ఇష్రాఖ్ చేతులు దించేసింది. కారెక్కే ముందు నా చెవిలో అంది: "మా బాబా మాట తప్పని మనిషి పిన్నీ. చూడనన్నాడు, చూడలేదు." తండ్రి నుదుటిని ముద్దు పెట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నన్ను పడవ ఎక్కించడానికి తయ్యిబ్ గారు రేవుకి వచ్చారు. కూతురు కోపంగా వెళ్ళిందన్న దిగులు ఉంది. అయినా ఆయన నోరు ఆగలేదు.

"ఏం ఉందే నా కూతురు! అచ్చం వాళ్ళమ్మ. కాటుక కొంచెం చెదిరింది, ఏడ్చింది కాబోలు. ఇంకోటి చూశావా? వాళ్ళమ్మ బంగారు చేపలు పెట్టుకుంది చెవులకి. రెండు కొసలకీ కొక్కేలుండే పాతకాలం సొత్తు అది. కుడి చెవి చేప సరిగ్గానే ఉంది. ఎడమ చెవిది తలకిందులుగా తగిలించుకుంది. తొందర పిల్ల! అంతమంది ఆడాళ్ళు చుట్టూ చేరి అలంకరించారు, ఒక్కత్తెకీ కళ్ళు లేవు."

"మీకున్నాయిగా" అన్నాను.

"నాకున్నాయి" అన్నారు, గర్వంగా. "చేపరోజుకి చేప నేనే పడతా. బజారు చేప మీంచి నా కూతురు దాటదు. దాని చేతికిచ్చి, అప్పుడు చెప్తా, ఆ దీపం సంగతి."

"ఎదురుగా ఉన్న గుంజ కనబడని మనిషి, సముద్రంలోకి ఒక్కరే వెళ్తారా? నదీర్‌ని తీసుకెళ్ళండి."

"ఆ సఫాక్స్ వాడు చేపని చూస్తే బిల్లు అడుగుతాడు. మా నీళ్ళు మోకాళ్ళ దాకే కదే. అవి నా కాళ్ళకి తెలుసు, కళ్ళతో ఏం పని?"

దీవి చుట్టూ నీళ్ళు లోతుండవు, నిజమే. కానీ ఆ నీళ్ళ అడుగున కాలవల్లాంటి లోతైన పాయలు ఉంటాయి. అక్కడ ప్రవాహం మనిషిని లాగేస్తుంది. వాటి అంచున గుర్తుగా గుంజలు పాతి ఉంటాయి. చేపరోజు పొద్దున ఆయన తన ఈతమట్టల కంచె దగ్గరికి వెళ్ళి, బోనులోంచి చేప తీసి పడవలో వేసి, తాడు పట్టుకుని నడుచుకుంటూ ఒడ్డుకి బయల్దేరారట. గుంజ సరిగ్గా ఎదురుగా ఉండి ఉంటుంది. ఎదురుగా ఉంది కాబట్టే కనబడలేదు.

మధ్యాహ్నం పడవ దొరికింది. సాయంత్రం పాయలో ఆయన దొరికారు. పడవలో తడి గోనె కప్పిన పెద్ద చేప ఉంది. అంత పెద్దది ఆ సంవత్సరం ఎవరూ చూడలేదన్నారు. సఫాక్స్‌లో ఇష్రాఖ్ కాళ్ళకి గోరింట పెట్టుకుని, చేప కోసం వాకిట్లో ఎదురుచూస్తోంది.

దీవికి వచ్చిన ఇష్రాఖ్ ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. పలకరించడానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చింది, కుర్చీలు వేసింది. నేను పక్కకి తీసుకెళ్ళి అంతా చెప్పాను. కన్ను సంగతి, డాక్టరు మాట, ఒట్టు, భుజం మీదుగా చూపు. విన్నంతసేపూ చేతిలో కాఫీ పళ్ళెం దించలేదు.

"పోయినవాళ్ళ గురించి అందరూ ఇలాగే కథలు అల్లుతారు పిన్నీ. నువ్వు మంచిదానివి. కానీ నాకు ఓదార్పు వద్దు. గుడ్డివాడైతే గిడ్డంగి కప్పు ఎలా ఎక్కాడు? రోజూ నీకు లెక్క ఎలా చెప్పాడు? ఆయన నా మొహం చూడకుండా పోయాడు. నేను ఆయన్ని ముద్దు పెట్టుకోకుండా వచ్చేశాను. ఇద్దరికీ సరిపోయింది."

లాగి ఒక్కటి కొడదామన్నంత కోపం వచ్చింది నాకు, ఆ పిల్ల మీద కాదు, మట్టిలో పడుకున్న ఆ పెద్దమనిషి మీద. కూతురికి రావాల్సిన ఒక్క మాటని నా దగ్గర దాచి పోయాడు. ఇప్పుడు నా నోట వింటే అది అబద్ధంలా ఉంది.

దినాలు అయ్యాక వదిలిపెట్టలేదు ఆ పిల్లని. "ఒక్కసారి ఆ కప్పు మీదకి రా, తర్వాత నన్ను తిట్టుకో" అని లాక్కెళ్ళాను. పొద్దు వాలుతోంది. సఫాక్స్‌లో మా ప్రయోగశాల అమ్మాయి సిహెమ్‌కి వెలుగు పంపమని ముందే చెప్పాను. ఆయన కూర్చునే స్టూలు, టీ గ్లాసు అలాగే ఉన్నాయి. ఎండ పడకుండా నల్లరంగు వేసిన పెట్టెలో తెల్ల అట్ట ఉంది.

"చూడు" అన్నాను.

వలయం వచ్చింది. గాలి ఇంకా పూర్తిగా నెమ్మదించలేదు. ఆకుపచ్చ వెలుగు సాగుతోంది, చిరుగుతోంది, ఒకవైపు మెరిసి ఒకవైపు ఆరిపోతోంది. నడుమ చీకటి మాత్రం అటూ ఇటూ ఊగుతూ ఉంది.

"ఈ నల్లది ఎందుకు పోదు?" అంది ఇష్రాఖ్.

"అది పోదు. గాలి దాన్ని ముక్కలు చేస్తుంది, జరుపుతుంది. చెరపలేదు. మీ నాన్న కంట్లో మిగిలిపోయింది ఇలాంటిదే. మనిషిని సూటిగా చూస్తే ఆ మనిషి ఈ చీకటి వెనక్కి పోయేవాడు. అందుకని దీన్ని పక్కకి జరిపి చూసేవారు. నిన్ను చూడాలంటే దీపాన్ని చూడాలి."

ఆ పిల్ల నమ్మలేదని తెలుస్తోంది. నాకింక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అలసిపోయి, ఆయన స్టూలు మీద కూర్చుని, ఆమెకి కాకుండా నాలో నేను అనుకున్నట్టుగా అన్నాను:

"అంత చూశారు మహానుభావుడు. మర్నాడు రేవులో ఒకటే సోది. కాటుక చెదిరిందట. వాళ్ళమ్మ చేపలు పెట్టుకుందట. ఎడమ చెవిది తలకిందులుగా తగిలించుకుందట, తొందర పిల్లట."

ఇష్రాఖ్ నా వైపు తిరిగింది.

"ఏ చెవి?"

"ఎడమ."

ఆ పిల్ల చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ చెవి మీదకి వెళ్ళింది.

"ఆ రాత్రి అద్దం ముందు తీస్తుంటే చూసుకున్నాను. నదీర్‌కి కూడా తెలీదు. ఎవ్వరికీ చెప్పలేదు పిన్నీ, ఎవ్వరికీ."

అప్పుడు ఏడ్చింది. పిట్టగోడ పట్టుకుని, రేవులో జనం తలెత్తి చూసేంతగా ఏడ్చింది. "బాబా" అని పిలిచింది, చిన్నపిల్లలు దొడ్లోంచి ఇంట్లోకి పిలిచినట్టు. నేను పట్టుకున్నాను. నేనూ ఏడ్చాను. ఆయన మీద కోపం అప్పుడూ పోలేదు, ఇప్పుడూ లేదని చెప్పను.

గాలి నెమ్మదించింది. ఫోన్ మోగింది. సిహెమ్‌కి ఇక్కడి సంగతేమీ తెలీదు, పని ప్రకారం అడుగుతోంది. నేను తీసేలోపు ఇష్రాఖ్ ఫోన్ అందుకుంది.

"ఎన్ని?" అంది సిహెమ్.

ఇష్రాఖ్ తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని అట్ట ముందు నిలబడింది. సూటిగా చూడలేదు. అట్టకి ఎడమపక్కగా, సముద్రం వైపు ఎక్కడో దూరంగా చూస్తూ, చాలాసేపు అలాగే నిలబడింది.

"మూడు" అంది.